కాస్క్ బీరుకి ఫినిష్ లేదని సంతకం పెట్టింది నేనే

ప్యాకింగే తేడా అట

పోయిన నెల రెడ్‌మండ్‌లో ప్రసాద్ గారింటికి పార్టీకి వెళ్ళాం. వాళ్ళ అమ్మాయి నిఖితకి ఉద్యోగం వచ్చిన సందర్భం. పోర్ట్‌ల్యాండ్ దగ్గర ఒక బ్రూవరీలో, అంటే బీరు తయారుచేసే కంపెనీలో, క్వాలిటీ ల్యాబ్ ఉద్యోగం. ప్రసాద్ గారు మాత్రం వచ్చిన వాళ్ళందరికీ "బయోటెక్ కంపెనీ అండీ" అని చెబుతున్నారు. ఆ మాట చెబుతూనే గరాజ్ ఫ్రిజ్‌లోంచి బీరు సీసాలు తీసి అందరి చేతుల్లోనూ పెడుతున్నారు. కూతురు చేసే పని పేరు చెప్పడానికి సిగ్గట. ఆ పనిలోంచి వచ్చిన సరుకు తాగడానికి మాత్రం ఏ సిగ్గూ లేదు.

నేను ఇరవై రెండేళ్ళు అదే పని చేసి మూడేళ్ళ క్రితం రిటైరయ్యాను. ఆ సంగతి తెలుసు గనక ప్రసాద్ గారు నా దగ్గరికొచ్చి నవ్వుతూ అన్నారు.

"మీకు తెలియందేముంది మేడమ్, అన్నీ ఒకటే బీరు కదండీ. సీసాలో పోస్తే బాటిల్, డ్రమ్ములో పోస్తే డ్రాఫ్ట్. ప్యాకింగే తేడా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనది ఊసుపోక అన్న మాటే. అయినా ఊరుకోలేకపోయాను.

"ప్రసాద్ గారూ, మీ ఇంట్లో ఇడ్లీ పిండి ఎలా పులియబెడతారు?"

"ఏముందండీ, రుబ్బి ఓవెన్‌లో పెట్టి లైట్ వేసి వదిలేస్తాం. ఈ చలికి బయట పెడితే పులవదు కదా."

"ఆ గిన్నెలో పిండీ, ఇండియన్ స్టోర్ ఫ్రిజ్‌లో అమ్మే ప్యాకెట్ పిండీ ఒకటేనా?"

"అదెట్లా ఒకటవుద్దండీ!"

"ఇదీ అంతే."

ఆయన గట్టిగా నవ్వి, ఇంకో సీసా మూత తీసి పక్కాయనకి ఇచ్చారు. నా మాట ఆయన చెవిన పడిందో లేదో తెలియదు. తర్వాత నేను వంటింట్లో ప్లేటు కడుక్కుంటుంటే నిఖిత వచ్చి పక్కన నిలబడింది. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది.

"సుభా ఆంటీ, ఒక డౌట్. జాబ్‌లో నన్ను టేస్టింగ్ ప్యానెల్‌లో పెట్టారు. నేను డ్రింక్ చేయను కదా. సో, టేస్ట్ చేసి స్పిట్ చేస్తే ఓకేనా?"

"తర్వాత చెప్తానమ్మా" అని తప్పించుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు నాకు బాగా తెలుసు. ఒక మనిషి ఉద్యోగం పోయాక తెలిసింది. నిఖితకీ, ఆమెలాగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకీ ఆ సంగతి పూర్తిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, అవార్డులు, పరికరాల గొడవ మీకు అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు.

మింగకు అంది మా అమ్మ

వాల్తేరులో మైక్రోబయాలజీ చదివి, గోదావరి జిల్లాలో ఒక చక్కెర మిల్లు డిస్టిలరీ ల్యాబ్‌లో మూడేళ్ళు ఈస్ట్ మీద పనిచేశాను. పెళ్ళయ్యాక మా ఆయన రామ్మోహన్‌తో ఇక్కడికొచ్చాను. ఆయనది సాఫ్ట్‌వేర్. నాకు రెడ్‌మండ్‌కి అరగంట దూరంలో ఒక చిన్న బ్రూవరీలో ఉద్యోగం దొరికింది. ఇంగ్లిష్ పద్ధతి బీర్లు చేసే కంపెనీ. ఈస్ట్ తెలిసిన మనిషి కావాలని వీసా కూడా వాళ్ళే చేశారు.

తెలుగు వాళ్ళ మధ్య మాత్రం "ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్" అని చెప్పేవాళ్ళం. ప్రసాద్ గారి మీద మండిపడుతున్నాను గానీ ఆ అబద్ధం నేనూ ఇరవై రెండేళ్ళు ఆడాను, రిటైరయ్యాకే నిజం బయటపెట్టాను. మా అమ్మకి మాత్రం మొదట్లోనే నిజం చెప్పాను. ఫోన్‌లోనే గట్టిగా అడిగిందావిడ.

"అయితే రోజూ తాగుతావా ఏమిటే?"

"తాగడం కాదమ్మా. రుచి చూడడం."

"అయితే మింగకు. పుక్కిలించి ఊసెయ్. మాటివ్వు."

ఇచ్చాను. అదేం పెద్ద మాట అనిపించలేదు. రుచి నాలుక మీదే కదా తెలిసేది అనుకున్నాను. ఇది మనలాంటి వాళ్ళే చేసే తప్పు. తాగడం వేరు, రుచి చూడడం వేరు అని ఒక గీత గీసుకుని, ఆ గీతకి ఇవతలే నిలబడి పని మొత్తం చేసేశాననుకున్నాను. అలా ఊసేస్తానని కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. అడిగిన వాళ్ళూ లేరు. పక్కన ఒక పేపర్ కప్పు పెట్టుకుని, తల కొంచెం పక్కకి తిప్పి ఊసేదాన్ని. చిన్న కంపెనీ, అధికారికంగా టేస్టర్ని నేనొక్కదాన్నే.

మూడు గిన్నెల సంగతి

అసలు తేడా ఏమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా కంపెనీలో ఒకే బీరు మూడు దారుల్లో బయటికి వెళ్ళేది.

సీసాది మొదటి దారి. ఈస్ట్‌ని వడగట్టేసి, గ్యాస్ ఎక్కించి మూత బిగిస్తారు. చీకట్లో, చల్లగా ఉంచితే నమ్మకమైన సరుకు. ఎండ తగిలితే కంపు కొడుతుంది. గరాజ్‌లో వేసవంతా పడేస్తే తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. ఆ తర్వాత మన వాళ్ళు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి, నాలుక మొద్దుబారేంత చల్లగా తాగి, బ్రహ్మాండం అంటారు.

కెగ్ రెండోది. స్టీల్ డ్రమ్ము. దీన్ని కూడా వడగట్టి, గ్యాస్ ఒత్తిడితో కుళాయి దాకా నెడతారు. ముప్పై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మూడు డిగ్రీల చలిలో ఇస్తారు. ఎప్పుడు తాగినా ఒకేలా ఉంటుంది. అదే దాని గొప్ప, అదే దాని తక్కువ. గ్యాస్ నాలుకని గిల్లుతుంది, చలి మొద్దుబారుస్తుంది, ఇక బీరులో ఏముందో మనకి తెలిసే అవకాశం తక్కువ.

కాస్క్ మూడోది. ఇది కూడా పీపాయే గానీ లోపల ఈస్ట్ బతికే ఉంటుంది. పీపాయిలోకి వెళ్ళాక కూడా బీరు మెల్లగా పులుస్తూనే ఉంటుంది. గ్యాస్ బయటినుంచి ఎక్కించరు, అందులో పుట్టిందే ఉంటుంది. పక్కకి పడుకోబెట్టి, కదపకుండా, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగాలి. పైన చిల్లులో మెత్తటి చెక్క మేకు పెట్టి ఎక్కువైన గ్యాస్‌ని వదలాలి, సరిపోయాక గట్టి మేకు బిగించాలి. యాభై మూడు డిగ్రీల దగ్గర, మన లెక్కలో పన్నెండు, చేతిపంపుతో తోడి ఇవ్వాలి. ఒకసారి తెరిచాక గాలి తగులుతుంది గనక మూడు రోజుల్లో అయిపోవాలి. నాలుగో రోజు నుంచి వెనిగర్.

కాస్క్ అనగానే కళ్ళు మూసుకుని మెచ్చుకునే వాళ్ళని చూసినా నాకు చిరాకే. చెడిపోయిన కాస్క్ కంటే ఘోరమైన బీరు లేదు. చేతకాని వాడి చేతిలో పెడితే పదింట ఆరు పారబోయాల్సిందే. కానీ చేతనైన వాడి చేతిలో మిగతా రెండూ దాని ముందు నిలబడవు. ఇరవై రెండేళ్ళు మూడిటినీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషిగా చెబుతున్నాను.

వాల్ట్ గది

మా దగ్గర ఆ చేతనైన వాడు వాల్ట్. బ్రూవరీకి ఆనుకుని కంపెనీ పబ్ ఉండేది. దాని కింద నేలమాళిగలో ఆయన గది. పొడవాటి మనిషి, అరవై దగ్గర పడుతున్న వయసు, మాట తక్కువ. ఇంగ్లండ్ ఎప్పుడూ వెళ్ళలేదు. ఒక ముసలి ఇంగ్లిష్ పబ్ యజమాని దగ్గర నేర్చుకున్నానని మాత్రం అనేవాడు. నా పేరు సుభాషిణి. ఆయన నోట్లో అది "సూ" అయింది.

పొద్దున్నే ఆ గదికి వెళ్తే ఆయన పీపాయి మీద చెవి ఆన్చి మేకు దగ్గర శబ్దం వింటుండేవాడు. చలి రోజుల్లో పాత కంబళి కప్పేవాడు. మా ఇంట్లో పిండి గిన్నెని ఓవెన్‌లో పెట్టి లైట్ వేస్తామని చెబితే చాలా సంతోషించాడు.

"అయితే నీకు నేను చెప్పాల్సిందేం లేదు సూ. బతికున్న దాన్ని తొందరపెట్టకూడదని నీకు ముందే తెలుసు."

నాకు ఆ కంపెనీలో స్నేహం అంటూ ఉన్నది ఆయనతోనే. నేను చేరిన ఆరో ఏట రామ్మోహన్ ఉద్యోగం పోయింది. పాపకి రెండేళ్ళు. ఇంటి మొత్తానికి నా వీసాయే ఆధారం. గ్రీన్ కార్డ్ ఫైల్ కూడా నా కంపెనీ పేరు మీదే కదులుతోంది. తెలుగు వాళ్ళకి చెబితే ఊరంతా పాకుతుందని ఎవరికీ చెప్పలేదు. వాల్ట్‌కి చెప్పాను. ఆయన పీపాయి మీద మేకు తిప్పుతూ విన్నాడు. సలహా ఏమీ ఇవ్వలేదు. రెండు కుర్చీల్లో ఒకటి నా వైపు జరిపాడు, అంతే.

ఒకే టెంపరేచర్

అప్పుడే గ్రెగ్ మేనేజర్‌గా వచ్చాడు. అంతకుముందు చిప్స్ ప్యాకెట్లు అమ్మే కంపెనీలో ఉండేవాడు. అతను బీరు తాగుతుండగా నేను ఒక్కసారీ చూడలేదు. తాగకపోవడం తప్పు కాదు, అలా అనడానికి నాకు అసలు నోరు లేదు. కానీ తెలియని దాని మీద తీర్పు చెప్పడానికి అతనికి క్షణం కూడా పట్టేది కాదు. వచ్చిన వారానికే నేలమాళిగ చూశాడు. "ఈ గదిలో టీషర్టులు, టోపీలు అమ్మొచ్చు" అన్నాడు. కాస్క్‌కి ఒక చల్లగది కావాలి, రోజూ ఒక మనిషి కావాలి, మూడు రోజుల్లో అయిపోవాలి. కెగ్‌కి ఇవేవీ అక్కర్లేదు.

నన్ను పిలిచి అన్నాడు.

"అంతా ఒకటే బీరు, సుబా. ప్యాకింగే తేడా. అది నాకు తెలుసు. కానీ ఓనర్లకి డేటా కావాలి. నువ్వు సైంటిస్టువి. మూడూ పోల్చి ఒక రిపోర్టు ఇవ్వు. శుక్రవారానికి కావాలి."

జవాబు ముందే రాసిపెట్టుకుని ప్రశ్న నా చేత అడిగిస్తున్నాడని నాకు తెలియకపోలేదు. తెలిసి కూడా, నిజాయితీగా చేస్తే నిజమే వస్తుందనుకున్నాను. చదువుకున్న వాళ్ళకి ఉండే మూర్ఖత్వం అది.

టెస్టు నేనే డిజైన్ చేశాను. అన్ని శాంపిల్సూ ఒకే గ్లాసు, ఒకే కొలత, ఒకే టెంపరేచర్. అప్పుడే కదా న్యాయం! ల్యాబ్ ఫ్రిజ్ ముప్పై ఎనిమిదిలో ఉంది గనక మూడిటినీ అందులో పెట్టాను. పొద్దున వాల్ట్ స్వయంగా జగ్గులో కాస్క్ బీరు తోడి పైకి తెచ్చి ఇచ్చాడు.

"ఎప్పుడు తాగుతారు?" అని అడిగాడు.

"మధ్యాహ్నం రెండింటికి."

ఆయన జగ్గు వైపు, ఫ్రిజ్ వైపు, నా వైపు చూశాడు. "ఇప్పుడే తాగితే మంచిది" అన్నాడు. "మూడూ ఒకేసారి చూడాలి వాల్ట్, లేకపోతే ఫెయిర్ కాదు" అన్నాను. ఆయన మెట్లు దిగి తన గదికి వెళ్ళాడు. పోనీ టెస్టయ్యేదాకా ఉంటానని వచ్చి, రెండింటికి గోడ పక్కన స్టూల్ మీద కూర్చున్నాడు.

కెగ్‌ని పుట్టించిందే ఆ చలి కోసం. కాస్క్‌ని ఆ చలిలో పెట్టడమంటే దాన్ని మొద్దుబార్చడమే. పైగా మూత లేని జగ్గులో అయిదు గంటలు. ఉన్న కాస్త గ్యాసూ పోయింది, చలికి మసకబారింది. అందరికీ ఒకే కొలత పెట్టినంత మాత్రాన న్యాయం అయిపోదని ఇప్పుడు ఎంత గట్టిగా అరిచినా ఏం లాభం?

రుచి చూశాను. ఊశాను. రాశాను.

"సీసా: శుభ్రంగా ఉంది. కెగ్: చురుగ్గా, నిండుగా ఉంది. కాస్క్: చప్పన, మసక. ఫినిష్: ఏమీ లేదు."

ఫినిష్ అంటే గుటక దిగాక గొంతులో మిగిలే రుచి. అది చూడాలంటే మింగాలి. మింగని మనిషికి ఫినిష్ ఎక్కడినుంచి వస్తుంది? ఆ రోజు నాకు ఆ ఆలోచనే రాలేదు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, గ్రెగ్‌కి ఇచ్చాను.

పదిహేను రోజుల్లో నేలమాళిగ ఖాళీ చేయించారు. వాల్ట్‌ని పంపేశారు. వెళ్ళేముందు ల్యాబ్ తలుపు దగ్గరికొచ్చి "పాప బాగుందా?" అని అడిగాడు. బాగుందన్నాను. తన కంబళి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను లేచి కారు దాకా కూడా వెళ్ళలేదు. ముఖం చెల్లలేదు.

ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాడు గ్రెగ్. పబ్ బార్ మీద పాత చేతిపంపు హ్యాండిల్‌ని అలాగే ఉంచాడు. వెనక పైపు మాత్రం కెగ్‌కి తగిలించాడు. పాత పద్ధతిలో తోడుతున్నట్టు జనం ముందు ఆ హ్యాండిల్‌ని లాగడం, వచ్చేది కెగ్ బీరు. బోర్డు మీద "కాస్క్ స్టైల్" అని రాయించాడు. ప్యాకింగే తేడా అన్న మనిషే ఆ ప్యాకింగ్ వేషం వేసి అమ్ముకున్నాడు.

గుటక

ఎనిమిది నెలల తర్వాత ఒక కస్టమర్ ఉత్తరం రాశాడు. ఒక బ్యాచ్ సీసాలు కొన్నాడట. "మింగాక అరగంట దాకా గొంతులో మాత్ర అడ్డం పడినట్టు చేదు" అని రాశాడు. ఆ బ్యాచ్ పాస్ చేసింది నేనే. దాచి ఉంచిన సీసాలు మూడు తెరిచి రుచి చూశాను. బాగానే ఉంది. మళ్ళీ చూశాను. బాగానే ఉంది. ఉత్తరం మళ్ళీ చదివితే "మింగాక" అన్న మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి.

ల్యాబ్ తలుపు వేశాను. అమ్మ గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని ఒక గుటక మింగాను.

ఉంది. గొంతు వెనకాల, మందుబిళ్ళ కరిగినట్టు, మొండి చేదు. హాప్స్, అంటే బీరుకి చేదునిచ్చే పూలు, ఎక్కువసేపు ఉడికించారు. నాలుక మీద ఏమీ తెలియదు, దిగాకే తెలుస్తుంది. అంటే అన్నాళ్ళూ నేను సగం బీరుకే సంతకాలు పెట్టాను. ఆ వెంటనే కాస్క్ రిపోర్టు గుర్తొచ్చింది. పరుగున నేలమాళిగకి వెళ్ళాను. అక్కడ టీషర్టులు వేలాడుతున్నాయి.

అప్పుడైనా గ్రెగ్ దగ్గరికెళ్ళి నిజం చెప్పాలి. చెప్పలేదు. రామ్మోహన్‌కి ఇంకా ఉద్యోగం లేదు. ఇంట్లో చెబితే ఆయన ఇలా అన్నాడు.

"ఇప్పుడు చెప్పకు సుభా. గ్రీన్ కార్డ్ రానీ. తర్వాత చెబుదువు గానీ."

"తర్వాత చెబితే వాల్ట్‌కేం ఒరుగుతుందండీ?"

"ఇప్పుడు చెబితే మాత్రం ఏం ఒరుగుతుంది? మనమూ పోతాం, అంతే కదా."

గ్రీన్ కార్డ్ వచ్చింది. ఆయనకి ఉద్యోగం వచ్చింది. గ్రెగ్ పెద్ద పోస్టుకి వెళ్ళాడు. నేను ఆ రోజు నుంచి మింగుతూనే పనిచేశాను, అమ్మతో కూడా ఆ మాట చెప్పేశాను. "సరేలే, పని కదా" అంది, అంతే! అంత తేలిగ్గా పోయే మాట కోసం ఒక మనిషి ఉద్యోగం పోయింది. అయినా ఆ పాత రిపోర్టు గురించి నోరు విప్పలేదు. వీసా భయం పోయాక కూడా నోరు విప్పలేదంటే అది వీసా వల్ల కాదు. పిరికితనం. దానికి ఇంకో పేరు పెట్టను.

నిఖితకి జవాబు

పార్టీ అయిన మర్నాడు నిఖితకి ఫోన్ చేశాను.

"స్పిట్ చేయకూడదమ్మా. బీరు మింగితేనే తెలుస్తుంది."

"కానీ ఆంటీ, నేను నిజంగా తాగను. మా అమ్మమ్మకి ప్రామిస్ చేశాను."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "అయితే ఆ మాట మీ మేనేజర్‌కి రేపే చెప్పు. నేను మింగను, నన్ను ప్యానెల్ నుంచి తీసెయ్యండి, ఈస్ట్ పని ఇవ్వండి అని. తాగకపోవడం తప్పు కాదు. మింగకుండా మింగిన దానిలా సంతకం పెట్టడం తప్పు."

"చెప్తే జాబ్ పోతే?"

"పోవచ్చు" అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నీ జాబ్ పోతే నీకు తెలుస్తుంది. నీ సంతకం వల్ల ఇంకొకరిది పోతే నీకు తెలియను కూడా తెలియదు."

రెండు రోజుల తర్వాత మెసేజ్ పెట్టింది. చెప్పేసిందట. మేనేజర్ మొదట ముఖం ముడుచుకున్నా, ఈస్ట్ ల్యాబ్‌కి మార్చాడట. నిన్నగాక మొన్న చేరిన పిల్ల రెండు రోజుల్లో చేసిన పని నేను పంతొమ్మిదేళ్ళుగా చేయలేదు. ఆ సాయంత్రమే కూర్చుని ఒక పేజీ రాశాను. టెస్టు ఎలా తప్పో, ఫ్రిజ్ సంగతి, జగ్గు సంగతి, నేను ఊసిన సంగతి. ఆ రిపోర్టు ఆధారంగా వాల్ట్‌ని పంపడం అన్యాయమని చివర్లో రాసి కంపెనీకి ఈమెయిల్ చేశాను. నిమిషంలో జవాబొచ్చింది. "మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు. మా టీషర్టుల మీద మీకొక కూపన్."

ఆ పేజీ ప్రింట్ తీసుకుని వాల్ట్ అడ్రస్ వెతికాను.

యాకిమా

కొండ దాటి యాకిమా వైపు వెళ్తే హాప్స్ తోటలు వస్తాయి. తాళ్ళ మీద పైకి పాకిన తీగలు మన తమలపాకు తోటల్లా ఉంటాయి. వాల్ట్ ఇల్లు ఆ తోటల చివర్న. ముందు ఫోన్ చేసే వెళ్ళాను. ఎనభై దాటబోతున్నాడు, కర్ర పట్టుకున్నాడు. మా దగ్గర్నుంచి వెళ్ళాక హాప్స్ గోడౌన్‌లో వాచ్‌మన్‌గా పదేళ్ళు చేశాడట. పీపాయి మీద చెవి పెట్టి లోపలి సంగతి చెప్పగలిగే మనిషిని గేటు తీయడానికి, వేయడానికి పెట్టుకున్నారు.

"సూ! నీ జుట్టు తెల్లబడింది" అన్నాడు.

గరాజ్‌లోకి తీసుకెళ్ళాడు. మూల ఒక చిన్న పీపాయి, పక్కకి పడుకోబెట్టి ఉంది. దాని మీద అదే కంబళి. పక్కింటి వాళ్ళ కోసం అప్పుడప్పుడూ చేస్తాడట. నేను కాగితం చేతికిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా, ఒక్కో లైనూ చదివాడు.

"ఊసేదాన్ని అని రాశావు."

"అవును."

"నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆ రోజు స్టూల్ మీద కూర్చున్నాను కదా. నీ పేపర్ కప్పు కనిపించింది. మూడు గ్లాసులూ అందులోకే వెళ్ళాయి."

"మరి ఎందుకు చెప్పలేదు వాల్ట్? ఆ ఒక్క మాట గ్రెగ్‌తో అంటే రిపోర్టు చెల్లేది కాదు. ఆ రూమ్ ఉండేది!"

"మొదట అది మీ మతం అనుకున్నాను. ఒకరి దేవుడి సంగతిలో నేను వేలు పెట్టడం ఏమిటి? తర్వాత రామ్ ఉద్యోగం గుర్తొచ్చింది. మా టేస్టర్ మింగట్లేదని చెబితే గ్రెగ్ నిన్ను ఆ మధ్యాహ్నమే పంపేసేవాడు. నీకు చిన్న పాప. నాకేముంది, ఒంటిగాణ్ణి. ఎక్కడో ఒకచోట బతుకుతాననుకున్నాను."

నాకు కోపం వచ్చింది. గ్రెగ్ మీద కాదు, ఈసారి వాల్ట్ మీద, నా మీద.

"నన్నైనా అడగాల్సింది కదా! ఎందుకు ఊస్తున్నావు సూ అని ఒక్క మాట. అది మతం కాదు, ఏమీ కాదు. మా అమ్మకిచ్చిన మాట. అడిగి ఉంటే..."

అడిగి ఉంటే ఆ రోజే మింగేదాన్ని అని చెప్పబోయి ఆగాను. మింగేదాన్నో లేదో నాకే తెలియదు.

"అడగడం మర్యాద కాదనుకున్నాను" అన్నాడు వాల్ట్.

ఆయనా మర్యాదస్తుడే, నేనూ మర్యాదస్తురాలినే. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని, ఒకరినొకరు నొప్పించకుండా, గ్రెగ్ పని పూర్తి చేసిపెట్టాం. ఈ మాట తలుచుకుని దారి పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూనే ఇంటికొచ్చాను. కానీ ఇంకా ఆ గరాజ్‌లోనే ఉన్నాను, అది ముందు చెప్పాలి.

వాల్ట్ లేచి రెండు గ్లాసులు కడిగాడు. పీపాయి దగ్గర వంగి, నింపాదిగా తోడి, ఒకటి నా చేతికిచ్చాడు. గ్లాసు చేతికి చల్లగా లేదు, వెచ్చగా లేదు. రంగు శుభ్రంగా ఉంది. ఆయన నా చేతుల వైపు చూడకుండా కంబళి సర్దుతున్నాడు. పేపర్ కప్పు ఎక్కడా లేదు.

మింగాను. ముందు వేయించిన రొట్టె, తర్వాత నారింజ తొక్క లాంటి వాసన, తర్వాత గొంతు దిగుతూ పొడుగాటి, మెత్తటి చేదు. ఆ రోజు జగ్గులో ఉన్నది ఇదే. నేను లేదని రాసింది దీన్నే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలోనే చిట్టచివర ఇంకోటి తగిలింది, సన్నగా, గొంతు అంచున.

"ఎలా ఉంది?" అన్నాడు.

బాగుందని చెప్పాలనిపించింది. ఈ మనిషికి అంత అన్యాయం చేసి, ఆయన ఇంట్లో, ఆయన చేతి బీరుకి వంక పెట్టడమా? అయినా చెప్పేశాను.

"ఫినిష్ అద్భుతంగా ఉంది వాల్ట్. కానీ చివర పులుపు వచ్చేసింది. గాలి ఎక్కువ తగిలింది. నిన్న ఇవ్వొచ్చు, ఇవాళ ఇవ్వకూడదు. ఇది పారబోయాలి."

ఆయన తన గ్లాసులోంచి ఒక గుటక తాగి, కాసేపు ఆగి, తలూపాడు. నా చేతిలో గ్లాసు తీసుకుని, తనదీ నాదీ రెండూ సింక్‌లో ఒంపేశాడు.

"తెరిచి నాలుగో రోజు. నువ్వొస్తానన్నావని ఉంచాను."

తర్వాత నేను తెచ్చిన కాగితాన్ని బల్ల మీద నా వైపు జరిపాడు. ఈమెయిల్ ప్రింట్ గనక దాని కింద సంతకం లేదు. షర్టు జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.

"ఇప్పుడు పెట్టు" అన్నాడు.